ముంతలో నీళ్లు, మబ్బులో నీళ్లు

తిరుమల శ్రీవారి రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను ఆన్‌లైన్‌లో విడుదల చేసే రోజున, ఆ వేళకు కాస్త ముందుగా తిరుపతిలోని ఏ నెట్ సెంటరులోకి తొంగి చూసినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఇంటిల్లిపాది ఆధార్ నంబర్లు రాసిన కాగితాన్ని కీబోర్డు పక్కన పెట్టుకుని, చూపు గడియారం మీద, వేలు మౌస్ మీద ఉంచి, మనుషులు ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంటారు. సరిగ్గా అదే క్షణం కోసం హైదరాబాదులో, చెన్నైలో, బెంగళూరులో, సముద్రాలకు ఆవల ఉన్న తెలుగువారి ఇళ్లలో కూడా జనం కాచుకుని ఉంటారు. ఆ కాసేపు ఆ వెబ్‌సైటు మీద పడే తాకిడికీ, మరునాటి మధ్యాహ్నం దాని మీద ఉండే తాకిడికీ పోలికే ఉండదు.

ఇక్కడొక లెక్క ఉంది. ఆ కొద్ది నిమిషాల తాకిడికి తట్టుకునేన్ని యంత్రాలను కొని పెట్టుకుంటే, నెలలో మిగిలిన రోజులన్నీ వాటిలో చాలా భాగం ఊరికే కరెంటు కాలుస్తూ పడి ఉంటాయి. మామూలు రోజుకు సరిపోయేన్ని మాత్రమే కొంటే, విడుదల రోజున అన్నీ కలిసి చేతులెత్తేస్తాయి. ఇలాంటి చిక్కు తిరుపతికి కొత్త కాదు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ నాటి జనానికి చాలినన్ని బస్సులను ఇక్కడి డిపోలు ఏడాది పొడవునా ఉంచుకోవు. ఇతర జిల్లాల డిపోల నుంచి అదనపు బస్సులు వస్తాయి, రద్దీ తగ్గగానే వెళ్లిపోతాయి. కంప్యూటర్ల విషయంలో ఇటువంటి ఏర్పాటునే క్లౌడ్ (మబ్బు) కంప్యూటింగ్ అంటున్నాం. లెక్కలు చేసే శక్తినీ, సమాచారం దాచుకునే చోటునూ సొంతంగా కొనకుండా, ఎక్కడో ఉన్న భారీ డేటా సెంటర్ల నుంచి అవసరమైనంత సేపు అద్దెకు తీసుకుని, వాడినంతకే డబ్బు చెల్లించడం దాని సారం. (దేవస్థానం సైటు ఏ యంత్రాల మీద నడుస్తున్నదన్నది ఇక్కడ అప్రస్తుతం, తాకిడి స్వభావం చెప్పడానికే ఆ ఉదాహరణ.)

అమెరికాలోని జాతీయ ప్రమాణాలు, సాంకేతికతల సంస్థ 2011 సెప్టెంబరులో ఈ మాటకు ఒక నిర్వచనం ఇచ్చింది. ఎవరినీ బతిమాలకుండా అడిగిన వెంటనే దొరకాలి, నెట్‌వర్క్ మీదుగా అందాలి, ఒకే రాశిలోని వనరులను అనేకులు పంచుకోవాలి, అవసరాన్ని బట్టి చప్పున పెరగాలి, తగ్గాలి, వాడకాన్ని మీటరు పెట్టినట్టు కొలవాలి. ప్రపంచం మొత్తం ఇప్పటికీ ఎక్కువగా ఆధారపడే నిర్వచనం అదే. ఈ లక్షణాలు లేకుండా దూరాన ఒక సర్వరు పెట్టుకుని దానిని క్లౌడ్ అని పిలిచేవారు మన దగ్గర తక్కువేమీ లేరు.

ఈ లక్షణాలలో అసలు కిటుకంతా పంచుకోవడంలో ఉంది. దానిని తిరుపతి సత్రంతో పోల్చి చూస్తే తేలికగా అర్థమవుతుంది. సత్రంలో దిగిన యాత్రికుడికి తన గది, తన తాళం, తన కుళాయి ఉంటాయి. పక్క గదిలో ఎవరున్నారో అతనికి తెలియదు, తెలియనక్కరలేదు. గోడలు, నీళ్ల ట్యాంకు, కరెంటు మీటరు మాత్రం అందరికీ ఒకటే. కంప్యూటరులో ఈ సత్రం మేనేజరు పనిని చేసే సాఫ్ట్‌వేరును హైపర్‌వైజర్ అంటారు. అది ఒక నిజమైన యంత్రపు ప్రాసెసర్ సమయాన్ని సన్నని ముక్కలుగా కోసి, మెమొరీని వాటాలుగా పంచి, ఒక్కొక్కరికి ఒక్కో వర్చువల్ మెషీన్‌ను అప్పగిస్తుంది. ప్రతి అద్దెదారూ యంత్రమంతా తనదే అనుకుంటాడు. ఒకరి మెమొరీలోకి మరొకరు తొంగి చూడకుండా ప్రాసెసరే అడ్డుగోడ కడుతుంది. ఒకరు ఖాళీ చేయగానే ఆ చోటును తుడిచి మరొకరికి ఇస్తారు. ఇక లాభం ఎక్కడ వస్తుందంటే, యాత్రికులందరూ ఒకే రోజున రారు కాబట్టి వంద గదులున్న సత్రం వందల కుటుంబాలకు సరిపోతుంది. లండన్ బ్యాంకుకు పని ఎక్కువగా ఉన్న వేళ చెన్నై సినిమా హాలు బుకింగుకు పని ఉండకపోవచ్చు. ఒకరి రద్దీ మరొకరి రద్దీతో కలవకుండా ఉన్నంత కాలం తక్కువ యంత్రాలతో ఎక్కువమందికి సేవ చేయవచ్చు. వైకుంఠ ఏకాదశి నాడు సత్రాల్లో గది దొరకదని తిరుపతిలో అందరికీ తెలుసు. క్లౌడ్ సంస్థలు వేర్వేరు దేశాల, వేర్వేరు రంగాల అద్దెదారులను కోరుకోవడానికి ఒక కారణం అదే.

కరెంటు, నీళ్లలాగా కంప్యూటర్ శక్తిని కూడా ఒకనాడు ప్రజావసర సేవగా అందించవచ్చునని అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ 1961లోనే అక్కడి ఎంఐటీ విద్యాసంస్థ శతాబ్ది ఉత్సవాల్లో అన్నారు. ఐబీఎం 1972లో వీఎం/370 పేరుతో వర్చువల్ మెషీన్లను తన పెద్ద కంప్యూటర్లలో మార్కెట్లోకి తెచ్చింది. కానీ చౌకైన మామూలు ప్రాసెసర్ల మీద ఆ పని సాధ్యమై, దానికి తోడు వేగవంతమైన ఇంటర్నెట్ వచ్చాకగానీ మెకార్తీ మాట వ్యాపారం కాలేదు. అమెజాన్ 2006 మార్చిలో సమాచారం దాచుకునే ఎస్3 సేవను, అదే ఏడాది ఆగస్టులో యంత్రాలను గంటల లెక్కన అద్దెకిచ్చే ఈసీ2 సేవను ప్రారంభించింది. మైక్రోసాఫ్ట్ వారి ఇటువంటి సేవ అజూర్ 2010లో అందుబాటులోకి వచ్చింది.

క్లౌడ్ వచ్చిన కొత్తలో ఒక ఆశ గట్టిగా వినిపించేది. పెట్టుబడి పెట్టి యంత్రాలు కొనలేని పేద దేశాలకే ఈ అద్దె పద్ధతి ఎక్కువగా మేలు చేస్తుందని, ల్యాండ్‌లైన్ ఫోను అందని ఊళ్లు నేరుగా సెల్‌ఫోనుకు దూకినట్టే అవి నేరుగా క్లౌడ్‌లోకి దూకుతాయని చాలామంది అనుకున్నారు. తర్కం చూస్తే తప్పేమీ లేదు. ముంబయిలోని ఒక వర్చువల్ మెషీన్‌కు గంటకు ప్రకటించిన ధర చిత్తూరు బెల్లం వ్యాపారికీ, లండన్ బ్యాంకుకూ ఒకటే. అయినా జరిగింది వేరు.

ముందు ధనిక దేశాలను చూద్దాం. యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ లెక్క ప్రకారం 2023లో పదిమందీ, అంతకు మించీ సిబ్బంది ఉన్న సంస్థల్లో 45.2 శాతం క్లౌడ్ సేవలను కొన్నాయి. అది సగటు. ఫిన్లాండ్‌లో ఆ వాటా 78.3 శాతం, స్వీడన్‌లో 71.6 శాతం, రొమేనియాలో 18.4, బల్గేరియాలో 17.5 శాతం. ఒకే కూటమిలో, ఒకే మార్కెట్ నిబంధనల కింద, దాదాపు ఒకే డేటా సెంటర్ల నుంచి కొనుక్కునే దేశాల మధ్య నాలుగు రెట్లకు పైగా తేడా ఉన్నదంటే, సాంకేతికత అందుబాటులో ఉండడమొక్కటే దాని వ్యాప్తిని నిర్ణయించదని తేలుతున్నది. నన్నడిగితే, అభివృద్ధి చెందిన దేశాలు, చెందుతున్న దేశాలు అనే రెండు గంపల లెక్క ఈ విషయంలో అంతగా పనికిరాదు. ఒక్కో దేశం ఏమి వదులుకోవాలి, దేన్ని నమ్మాలి అన్న ప్రశ్నలు అంతకంటే ఎక్కువ చెబుతాయి.

వదులుకోవడం ధనిక దేశాలకు పెద్ద బరువు. అమెరికా ప్రభుత్వంలో తొలి ప్రధాన సమాచార అధికారిగా పనిచేసిన వివేక్ కుంద్రా 2011 ఫిబ్రవరిలో ప్రకటించిన వ్యూహంలో, ఏటా కంప్యూటర్ల మీద పెట్టే 8,000 కోట్ల డాలర్లలో 2,000 కోట్ల డాలర్ల ఖర్చును క్లౌడ్‌లోకి మార్చవచ్చని అంచనా వేశారు. అటువంటి దేశంలోనే, 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల నిరుద్యోగ భృతికి దరఖాస్తులు ముంచెత్తినప్పుడు, న్యూజెర్సీ గవర్నరు కోబాల్ భాష తెలిసిన ప్రోగ్రామర్లు ఎవరైనా ఉంటే స్వచ్ఛందంగా ముందుకు రావాలని కోరవలసి వచ్చింది. కోబాల్ 1959లో రూపు దిద్దుకున్న భాష. భృతి లెక్కలు నడిపే పాత వ్యవస్థలను ఆ భాషలో రాసినవారిలో చాలామంది ఉద్యోగ విరమణ చేశారు, కొందరు లేరు. జపాన్ ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖ 2018లో ఇచ్చిన నివేదికలో, పాత వ్యవస్థలను వదిలించుకోకపోతే 2025 తరువాత ఏటా 12 లక్షల కోట్ల యెన్ల వరకు నష్టం రావచ్చని హెచ్చరించి, దానికి ‘2025 కొండ అంచు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. నిండుగా ఉన్న పాత ముంతను దించి కొత్తది ఎత్తుకోవడం అంత తేలిక కాదు. దించేటప్పుడు ఒలికిపోయేది జీతాలు, పింఛన్లు, పన్నుల లెక్కలు.

పేద దేశాల్లో ముంత ఖాళీగానే ఉండవచ్చు, కానీ మబ్బు నుంచి నీళ్లు దిగే దారి సరిగా ఉండదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2024 లెక్కల్లో అధిక ఆదాయ దేశాల జనాభాలో 93 శాతం ఇంటర్నెట్ వాడుతుండగా, అల్పాదాయ దేశాల్లో వాడేవారు 27 శాతమే. దారి ఉన్నచోట కూడా అది సన్నగా ఉంటుంది. 2024 మార్చి 14న పశ్చిమ ఆఫ్రికా తీరంలో, కోత్ దివార్ సమీపాన, సముద్రం అడుగున ఉన్న నాలుగు కేబుళ్లు ఒకేసారి దెబ్బతినడంతో ఆ ప్రాంతంలోని అనేక దేశాల్లో ఇంటర్నెట్ కుంటుపడింది. ఆఫీసు గదిలోనే సర్వరు ఉన్నవాడి పని ఆ రోజు నడిచింది. దూరదేశపు యంత్రాల మీద బతికేవాడి పని ఆగింది.

దూరానికి మరో ఖరీదు కూడా ఉంది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. తిరుపతి నుంచి అమెరికాలోని వర్జీనియా భూగోళం మీద దగ్గరి దారిన కొలిచినా 13,000 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి, ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి ఎంత గొప్ప యంత్రం పెట్టినా 130 మిల్లీసెకన్లకు తగ్గదు. కేబుళ్లు తిన్నగా పోవు కనుక అసలు సమయం ఇంకా ఎక్కువ. హైదరాబాదు సూటిగా కొలిస్తే 430 కిలోమీటర్ల దూరం, అంటే నాలుగైదు మిల్లీసెకన్లు. ఒక పుటను తెరవడానికి ఇలాంటి రాకపోకలు పదులకొద్దీ జరుగుతాయి గనుక ఆ తేడా కంటికి తెలుస్తుంది. అమెజాన్ డేటా సెంటర్ల సముదాయం ముంబయికి 2016లో, హైదరాబాదుకు 2022 నవంబరులో వచ్చింది. ఆఫ్రికా ఖండం మొత్తంలో మైక్రోసాఫ్ట్ 2019లో, అమెజాన్ 2020లో మొదటి సముదాయాలను తెరిచాయి, రెండూ దక్షిణాఫ్రికాలోనే. కెన్యాలో 2007లో మొదలై ఆ దేశపు చిల్లర డబ్బంతా తన మీదుగా నడిపించిన ఎం-పెసా సెల్‌ఫోన్ చెల్లింపుల వ్యవస్థ సర్వర్లు చాలా ఏళ్లు జర్మనీలో ఉండి, 2015లో గానీ నైరోబికి చేరలేదు. నైరోబిలో కూరగాయలమ్మే ఆమెకు పక్క వీధివాడు పంపిన డబ్బు జర్మనీ దాకా వెళ్లి వచ్చేదన్నమాట.

డబ్బు మాట వచ్చింది గనుక అంతగా చర్చకు రాని ఒక అడ్డంకిని కూడా చెప్పాలి. పెద్ద క్లౌడ్ సంస్థల ధరలు డాలర్లలో నిర్ణయమవుతాయి. బిల్లు స్థానిక కరెన్సీలో వచ్చినా మూలం డాలరే. నైజీరియా 2023 జూన్‌లో తన నైరా మారకపు రేటును మార్కెట్‌కు వదిలేసినప్పుడు డాలరుకు 460 నైరాల చుట్టూ ఉన్నది, ఏడాది తిరిగేసరికి 1,400 దాటింది. అక్కడి చిన్న సంస్థ వాడకం గోరంత పెరగకపోయినా బిల్లు మూడింతలైంది. సొంతంగా కొన్న సర్వరు అలా రాత్రికి రాత్రి ఖరీదెక్కదు. పెట్టుబడి లేకుండా నెలవారీ ఖర్చుతో గడిచిపోతుందన్న సౌకర్యం, నిలకడైన కరెన్సీ ఉన్నవాడికి దక్కినంతగా మిగిలినవారికి దక్కదు.

చట్టాల సంగతి రెండు రకాల దేశాలనూ సమానంగా వేధిస్తున్నది. అమెరికా 2018లో చేసిన చట్టం ప్రకారం అక్కడి సంస్థలు తమ అధీనంలోని సమాచారాన్ని, అది ఏ దేశంలో ఉన్నా, న్యాయబద్ధమైన ఉత్తర్వు వస్తే అప్పగించాలి. యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2020 జూలైలో అమెరికాతో ఉన్న సమాచార బదిలీ ఏర్పాటును కొట్టివేసింది. మన రిజర్వ్ బ్యాంకు 2018 ఏప్రిల్‌లోనే చెల్లింపుల సమాచారమంతా భారతదేశంలోనే నిల్వ ఉండాలని ఆదేశించింది. ఈ దేశంలో డేటా సెంటర్లు పెరగడానికి అటువంటి ఆదేశాలు కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

భారత ప్రభుత్వం మేఘరాజ్ పేరుతో చేపట్టిన పథకం కింద జాతీయ క్లౌడ్‌ను 2014లో ప్రారంభించింది. 2015లో ధ్రువపత్రాలు దాచుకునే డిజీలాకర్ వచ్చింది. 2021 ఏప్రిల్ 28న 18 ఏళ్లు నిండినవారికి కోవిడ్ టీకా నమోదు తెరిచినప్పుడు కోవిన్‌లో ఒక్క రోజులోనే కోటిమందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. దర్శనం టికెట్ల తాకిడి దాని ముందు చిన్నది. అంటే దేశంగా మనం క్లౌడ్‌ను బాగానే ఎత్తుకున్నాం. కానీ వాడడం వేరు, ఎంచుకుని కొనడం వేరు. పీలేరు రైతు తన ఫోనులో వాట్సాప్ ఫొటో పంపినా, వీడియో చూసినా క్లౌడ్‌ను వాడుతున్నట్టే. అతను టమాటాలు అమ్మే మండీ లెక్కలు మాత్రం ఇంకా పుస్తకంలోనో, ఒంటరి కంప్యూటరులోనో ఉంటాయి. అభివృద్ధి చెందుతున్న దేశాల అసలు స్థితి ఈ ఎడంలో కనిపిస్తుంది.

చిత్తూరులో జీఎస్టీ లెక్కలు చూసే నా పాత మిత్రుడి ఆఫీసే ఇందుకు సాక్ష్యం. ఆయన ఖాతాదారులలో బెల్లం వ్యాపారులు, బియ్యం మిల్లులవారు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలవారు ఉన్నారు. గుజ్జు ఫ్యాక్టరీకి పనంతా తోతాపురి కాయ దిగే ఆ రెండు మూడు నెలల్లోనే; లారీల తూకాలు, రైతుల చెల్లింపులు, డబ్బాల లెక్కలు అప్పుడు వరదలా వచ్చి పడతాయి, ఆ తరువాత ఏడాదంతా నెమ్మది. తాకిడిని బట్టి పెంచుకుని, తగ్గించుకునే అద్దె యంత్రాలకు ఇంతకంటే తగిన వ్యాపారం ఉండదు. ఆ మాటే చెప్పి, లెక్కలను క్లౌడ్‌లోకి మార్చమని ఆయనతో చాలాసార్లు వాదించాను. “మబ్బులో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోమంటావా సామీ?” అని నవ్వేవారు. మబ్బును నమ్మి మోసపోయిన అనుభవం తరతరాలుగా ఉన్న సీమలో ఆ సామెతకు ఎదురు చెప్పడం కష్టం. ఆయన కారణాలు కూడా కొట్టిపారేసేవి కావు: నెట్ పోతే గడువు నాటి ఫైలింగు ఆగుతుంది, ఖాతాదారుడి అసలు లెక్క పరాయి చోట ఉందంటే అతను ఒప్పుకోడు, నెలనెలా కట్టడమంటే ఎప్పటికీ తీరని అప్పులాంటిది. చిత్రమేమిటంటే 2017లో జీఎస్టీ వచ్చిన నాటి నుంచి ఆయన వేసే ప్రతి రిటర్నూ ఎక్కడో దూరాన ఉన్న యంత్రాలలోకే పోతున్నది.

మూడేళ్ల కిందట ఒక వేసవి సాయంత్రం గాలివాన వచ్చి, కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. ఆ కుదుపులకు ఆయన కంప్యూటరులోని హార్డ్‌డిస్క్ చచ్చిపోయింది. సొరుగులోని పెన్‌డ్రైవ్‌లో నకలు ఉంది గానీ అది మూడు వారాల పాతది. గుజ్జు సీజను నడుమ ఆ మూడు వారాల బిల్లులన్నీ కాగితాలు వెతికి మళ్లీ ఎక్కించడానికి ఇద్దరు గుమాస్తాలు పన్నెండు రోజులు కూర్చున్నారు.

అలాగని క్లౌడ్‌లో పెట్టినది చెదరదని ఆయనకు చెప్పలేదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటరు ఒకటి కాలిపోయినప్పుడు, వేరేచోట నకలు ఉంచుకోని అద్దెదారులు సమాచారాన్ని శాశ్వతంగా కోల్పోయారు. అంతకంటే విస్మయకరమైనది దక్షిణ కొరియాలో జరిగింది. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటరులో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచి, ప్రభుత్వోద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే క్లౌడ్ నిల్వ పూర్తిగా నాశనమైంది. అందులో 858 టెరాబైట్ల సమాచారం ఉన్నది. అంత పెద్ద రాశికి బయట నకలు తీయడం వీలుపడలేదన్నది అధికారులు ఇచ్చిన వివరణ. ప్రపంచంలోనే అత్యంత వేగవంతమైన ఇంటర్నెట్ ఉన్న దేశాల్లో ఒకటి, పెన్‌డ్రైవ్ నకలైనా లేని మా మిత్రుడి ఆ మూడు వారాల స్థితిలోకే వచ్చి పడింది. యంత్రం కాపలా అద్దెకిచ్చినవాడిది, సమాచారం కాపలా అద్దెకు తీసుకున్నవాడిది అన్న పంపకం క్లౌడ్ ఒప్పందాలన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. సంతకం పెట్టేవారిలో దానిని చదివేవారు అరుదు.

చివరకు మేమిద్దరం కుదుర్చుకున్నది మధ్యేమార్గం. లెక్కలు ఆఫీసు కంప్యూటరులోనే ఉంటాయి, రాత్రి తొమ్మిది దాటాక ఆ రోజు మారినంత మేరకు తాళం వేసిన నకలు ఒకటి ముంబయిలోని అద్దె నిల్వలోకి వెళుతుంది. మొదటిసారి మొత్తం ఎక్కడానికి మూడు రాత్రులు పట్టింది. కిందికి వేగంగా వచ్చే బ్రాడ్‌బ్యాండ్ పైకి పంపడంలో అంత చురుకు చూపదని అప్పుడు ఆయనకు తెలిసింది. నెలకు అయ్యే ఖర్చు గుమాస్తాల కాఫీ టీల ఖర్చును మించలేదు. పెన్‌డ్రైవ్‌ను మాత్రం మానలేదు, వారానికొకసారి శనివారం నకలు తీస్తున్నారు. మొన్న ఆయుధపూజ నాడు వెళ్లేసరికి కంప్యూటర్లకు, ప్రింటరుకు, సొరుగులోని పెన్‌డ్రైవ్‌కు కూడా పసుపు కుంకుమలు పెట్టి, కుంకుమ భరిణె చేతిలో పట్టుకుని నా వైపు చూశారు. “మీ క్లౌడుకు బొట్టు ఎక్కడ పెట్టాల సామీ?” అన్నారు. కాసేపు ఆలోచించి, గోడకు తగిలించిన రూటరుకు పెట్టారు.